మహారాజశ్రీ క్రంబుల్ గారి సముఖానికి

మహారాజశ్రీ వేసవి పండ్ల క్రంబుల్ గారికి,

ఉభయ కుశలోపరి. ఇంగ్లండ్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి, ఆదివారం పూట ఎవరింటికి భోజనానికి వెళ్లినా చివరలో, పండ్ల మీద పొడిపొడి పిండి కప్పుకుని ఓవెన్‌లోంచి వేడివేడిగా దిగే తీపి వంటకమైన తమరి దర్శనం తప్పడం లేదు కనుక, ముఖాముఖి చెప్పలేని కొన్ని సంగతులను ఈ లేఖలో విన్నవించుకుంటున్నాను. నా అభ్యంతరం తమరి రుచి మీద కాదు, తమరి వినయం మీద. "అబ్బే, ఇదేం పెద్ద వంట, చిన్నపిల్లలు కూడా చేసేస్తారు" అని వడ్డించేవారు ప్రతిసారీ అంటూనే ఉంటారు. తమరు తల వంచుకుని వింటూ ఉంటారే తప్ప, ఒక్కసారైనా ఆ మాటను ఖండించిన పాపాన పోలేదు.

ముందుగా వేసవి సంగతి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ దేశంలో పండే పండ్లలో తీయనివేవీ తిన్నగా తమరి దాకా రావు. బాగా పండిన స్ట్రాబెర్రీలు మీగడ పూసుకుని వింబుల్డన్‌లో టెన్నిస్ చూడటానికి వెళ్లిపోతాయి. రాస్ప్‌బెర్రీలలో సగం తోటలోనే, కోస్తున్నవారి నోట్లో మాయమవుతాయి. ఇక మిగిలేవి, కొరికితే ముఖమంతా ముడుచుకుపోయే గూస్‌బెర్రీలు, నల్ల కరెంట్లు, ఎర్ర కరెంట్లు అనే పుల్లటి చిట్టి పండ్లు. వీటన్నిటికీ తమరు ఆశ్రయమిచ్చి, గుప్పెళ్ల కొద్దీ పంచదార పోయించి, బుద్ధి చెప్పించామని అనుకుంటారు. చింత చచ్చినా పులుపు చావదన్న సంగతి తొలి చెంచాకే తేలిపోతుంది. రూబార్బ్ అయితే అసలు పండే కాదు, కాడ. అది పండ్ల పంక్తిలో పీట వేసుకుని కూర్చుందంటే అందులో తమరి సిఫారసు కొంతైనా ఉండే ఉంటుంది.

జూలై 15న, అంటే సెయింట్ స్విథిన్ దినాన, చినుకు పడితే 40 రోజులు వాన వదలదని చెప్పుకునే జనం వేసవిని పూర్తిగా నమ్మలేరు, నిజమే. అయినా పచ్చిగా తినదగ్గ పండ్లను కూడా 180 డిగ్రీల ఓవెన్‌లో కాల్చి, పైన పిండి కప్పి, చలికాలపు తిండిగా మార్చుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసి, ఏసీలు ఎరగని ఇళ్లలో జనం ఉడికిపోయిన ఆ వేసవిలో కూడా తమరి పద్ధతి మారలేదు. చల్లగా ఉండాలన్న నియమం తమరి తయారీలో వెన్నకు తప్ప మరెవరికీ వర్తించదు.

తమరి వంశచరిత్ర కూడా కొంత చదివాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940 జనవరి 8 నుంచి ఇక్కడ వెన్నకూ పంచదారకూ రేషన్ పెట్టారు. ఆ రేషన్ వ్యవస్థ పూర్తిగా ముగిసింది 1954 జూలైలో. పండ్లను పిండి రేకులో పెట్టి కాల్చే 'పై' (pie) అనే వంటకం చేయాలంటే పిండి ముద్ద చేయాలి, అప్పడంలా ఒత్తాలి, అందుకు తగినంత కొవ్వు ఉండాలి. అది లేని ఇళ్లలో, ఉన్న కాస్త పిండినీ పొడిపొడిగా పండ్ల మీద చల్లి పని కానిచ్చేవారనీ, తమరికి ఇంత ప్రచారం ఆ రోజుల్లోనే వచ్చిందనీ చెబుతారు. గతిలేనమ్మకు గంజే పానకం. అందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు, పైగా ఆ ఇల్లాళ్లకు నమస్కరించాలి. ఆక్షేపణంతా ఆ తరువాతి వైభవం గురించే. యుద్ధం నడిచిన రోజుల్లో ఒక మనిషికి వారానికి అందిన వెన్న చాలాకాలం సుమారు 50 గ్రాములు. ఇప్పుడు తమరికి 200 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 100 గ్రాముల పంచదార కావాలి. ఆపై ఓట్స్, బాదం పలుకులు, గరగరలాడే గోధుమరంగు డెమెరారా చక్కెర. ఒకరి రెండు వారాల రేషన్‌ను ఒక్క పూటలో నెత్తిన పోసుకుని, ఇంకా పేదింటి బిడ్డనే అంటే ఎలా నమ్మమంటారు?

ఇక తయారీ. చల్లటి వెన్న ముక్కలను మైదాలో వేసి, అరచేయి తగిలితే ఆ వేడికే వెన్న కరుగుతుంది కనుక వేళ్ల కొసలతో మాత్రమే నలుపుతూ, పైకెత్తి రాలుస్తూ, రవ్వలా అయ్యేదాకా కలపాలి. ఈ విద్య మాకు కొత్తది కాదు. జంతికల పిండికి వెన్న పట్టించేటప్పుడు, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి అని మా ఇళ్లలో చూసే పదును కూడా ఇదే. అందువల్లే, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ నా పనిని అంతదాకా మెచ్చుకోలుగా చూసి, చెంబుతో నీళ్లు అందించింది. అక్కర్లేదమ్మా అన్నాను.

"పిండి తడపకుండానే లోపల పెడతావేమిట్రా?"

"దీన్ని ఇలాగే చేస్తారమ్మా."

"అంటే, పని సగంలో ఆపేసి దానికో పేరు పెట్టుకున్నారన్నమాట."

తమరి గురించి ఇంతకన్నా క్లుప్తమైన విమర్శ నేనింతవరకు వినలేదు.

లోపలికి వెళ్లాక తమరి వినయం ఎంతసేపు నిలిచింది? అరగంట గడిచేసరికి ఊదారంగు రసం అంచుల్లోంచి కుతకుతమని పొంగి, ఓవెన్ అడుగుకు కారి, మాడి, తారులా అతుక్కుపోయింది. నిండుకుండ తొణకదంటారు, తమరు సగం గిన్నెకే తొణికారు. పండ్లకు రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ పట్టిస్తే రసం చిక్కబడుతుందని, లేకపోతే పై కప్పు అడుగున నాని గంజిలా మారుతుందని ముందుగా చెప్పే మర్యాద, "ఎవరైనా చేసేస్తారు" అనే పెద్దలలో ఒక్కరికీ లేదు.

కస్టర్డ్ గారి పట్ల మాత్రం నాకు పూర్వ పరిచయం వల్ల పక్షపాతం ఉంది. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు గుడ్డు పడదని 1837లో కనిపెట్టిన గుడ్డులేని పొడి అది. అటువంటి పొడినే మా బెజవాడ ఎండల్లో పాలలో కాచి, చల్లార్చి, అరటి, దానిమ్మ, ద్రాక్ష కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవారు. పండ్లు పచ్చివి, తిండి చల్లనిది, వేసవి వేసవిలాగే ఉండేది. ఇక్కడ అదే కస్టర్డ్‌ను మరగకాచి, నాలుక కాలేటంత వేడిగా ఉన్న తమరి మీద పోస్తారు. మా అమ్మ రెండోసారి గిన్నె చాచిన విషయం ఈ ఫిర్యాదుకు సంబంధించినది కాదు కనుక ఇక్కడ ప్రస్తావించడం లేదు.

నా కోరికలు కొద్దిపాటివే. జూలై మాసమంతా సెలవు తీసుకోండి, లేదా వినయాన్ని వదిలి, వెన్న లెక్కతో సహా తమరి అసలు హోదాను బహిరంగంగా ప్రకటించండి. సమాధానం బ్లాక్‌బెర్రీలు ఉండగానే పంపగలరు. సెప్టెంబరు 29న సెయింట్ మైకేల్ పండుగ దాటితే సైతాను వచ్చి వాటి మీద ఉమ్మి వేస్తాడని ఇక్కడి పెద్దల మాట. ఆ తరువాత అందే జవాబును నేను విప్పి చూడను.

ఇట్లు,
ఓవెన్ అడుగు గీకుతున్న భవదీయుడు