'చాలు' అనడానికి మీరెవరు?

బెంగళూరులో మోటార్ల రీవైండింగ్ కోసం ఒక ప్రభుత్వ విభాగం పిలిచిన టెండరులో, కాయిల్ నుంచి కరెంటు దాటకుండా పెట్టే అరామిడ్ (వేడిని తట్టుకునే కృత్రిమ పోగు) ఇన్సులేషన్ పేపరు పక్కన కొత్తగా ఒక ముక్క వచ్చి చేరింది: 'లేదా సమానమైన నానో అరామిడ్ పేపరు, తయారీదారు ధ్రువపత్రం చాలు.' ఆ చివరి మాట దగ్గరే మా అభ్యంతరం.

నానో అరామిడ్ బూటకమేమీ కాదు. 2011లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త కోటోవ్ బృందం కెవ్లార్ అనే అరామిడ్ నూలును ద్రావకమైన డీఎంఎస్‌ఓలో క్షారమైన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలియబెట్టింది. గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు సడలి, 3 నుంచి 30 నానోమీటర్ల మందం పోగులు విడివడ్డాయి. ముదురు ఎరుపు ద్రావణంలో నీళ్లు పోస్తే పాలిపోయిన జెల్లు తయారవుతుంది. దాన్ని వడగట్టి, ఆరబెట్టి, వేడిగా నొక్కితే కాగితం.

చిక్కంతా తయారీలోనే ఉంది. మొదటి పద్ధతిలో 1 గ్రాము నూలుకు 1.5 గ్రాముల క్షారం, 500 మిల్లీలీటర్ల డీఎంఎస్‌ఓ, వారం రోజుల కలియబెట్టుడు. అంటే కిలో నూలుకు 500 లీటర్లు! కాస్త నీరు కలిపి ఈ పనిని 4 గంటల్లో ముగించే పద్ధతి తర్వాత వచ్చింది, నిజమే. కడగడం మాత్రం తప్పలేదు. సన్నటి పోగులు జల్లెడను మూసేస్తాయి, నీరు దిగదు. తొందరపడినవాడు కడుగుడు తగ్గిస్తాడు. మిగిలిన పొటాషియం విద్యుత్ నష్టాన్ని పెంచి పేపరును లోపల్నుంచే వేడెక్కిస్తుంది. 189 డిగ్రీల దగ్గర మరిగే డీఎంఎస్‌ఓ షీటులో మిగిలితే వేడి ప్రెస్ కింద బుడగలు లేస్తాయి. కాయిల్ కూర్చునే మోటారు స్లాట్‌లో పేపరు మడిచి పెట్టే వైండరుకు ఇవేవీ కనిపించవు. కొత్త కాయిల్‌కు ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే రీడింగూ బాగానే వస్తుంది. కాలేది తర్వాత, లోడు మీద.

పైగా ఎంత అరామిడ్ ఉంటే 'నానో అరామిడ్'? టెండరు చెప్పదు. మామూలు కాగితపు గుజ్జులో నాలుగు చుక్కల నానో అరామిడ్ కలిపినా ఆ పేరు పెట్టుకోవచ్చు. వార్నిష్ పట్టిన సెల్యులోజ్ పేపరు తట్టుకునేది 105 డిగ్రీలు. రెండు అరామిడ్ పొరల నడుమ పాలిస్టర్ ఫిల్ము ఉన్న ఎన్‌ఎమ్‌ఎన్‌కు 155. అసలు అరామిడ్ పేపరుకు 220. ఈ మూడూ 'సమానం' ఎప్పుడయ్యాయి?

దిగుమతి పేపరు ఖరీదని, స్థానిక తయారీదారులకు అవకాశమివ్వాలని అధికారులు అంటారు. ఇవ్వండి, పరీక్షించి ఇవ్వండి. ఎంత వేడిలో 20,000 గంటలు మన్నుతుందో తేల్చే ప్రమాణం ఉంది. ఇన్సులేషన్ పరీక్షలు చేసే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ సీపీఆర్‌ఐ 1960 నుంచి ఇదే ఊళ్లో ఉంది; నమూనా పంపడానికి ఆటో చార్జీ చాలు.

ఒక టెండరులో 'ధ్రువపత్రం చాలు' అని నడిస్తే, తర్వాతి టెండరు రాసే గుమాస్తా ఇదే వాక్యాన్ని కాపీ చేస్తాడు. ఈ ఏడాది మోటారు పేపరు, వచ్చే ఏడాది ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత తూటా ఆపాల్సిన జాకెట్టు. అన్నిటికీ అమ్మేవాడి సంతకమే పరీక్ష అయితే కొనేవాడు దేనికి? సొంత ఇంటి బోరు మోటారుకు చుట్టించేటప్పుడు ఈ అధికారులు ధ్రువపత్రం చూసి ఊరుకుంటారా, పేపరు చించి చూస్తారా? బిడ్లు తెరిచేలోపు ఆ వాక్యాన్ని కొట్టేయండి. కొట్టేయకపోతే, కాలిన ప్రతి కాయిల్ ఖర్చూ దాన్ని చేర్చినవారి జీతంలో కోయండి.