ఆ బండి ఎప్పుడు అమ్ముతావని ఇక అడగొద్దు

కనిపించిన ప్రతి ఒక్కరిదీ అదే ప్రశ్న, "ఆ డొక్కు జీపు ఇంకా అమ్మలేదా?" అని. విని విని విసుగొచ్చేసింది.

మొన్న మా కొత్త బండిలో పసుపు లైటు ఒకటి వెలిగింది, అంతే, ఎంత తొక్కినా ముందుకు లాగదు. సర్వీసు సెంటర్‌కి చేరిస్తే స్కానర్ పెట్టి చూసి, సెన్సర్ పోయింది, కొత్తది రావడానికి పది రోజులు పడుతుందన్నారు. వేలెడంత ముక్క కోసం పది రోజులా!

పాత జీపు డీజిల్ పంపు మొత్తం మెకానికల్. డీజిల్ లైన్లో గాలి చేరితే, ఆ గాలిని బయటికి వదిలే బ్లీడ్ స్క్రూని స్పానర్‌తో కొంచెం వదులు చేసి, డీజిల్‌ని ముందుకు తోసే చిన్న ప్రైమింగ్ పంపు చేత్తో కొడుతూ ఉంటే ముందు నురగ నురగగా వస్తుంది, కాసేపటికి బుడగల్లేని డీజిల్ వస్తుంది, అప్పుడు స్క్రూ బిగించేస్తే బండి రెడీ. ఎవరినీ బతిమాలక్కర్లేదు. మన చేత్తో బాగుచేసుకున్న బండిని ఎలా వదులుకుంటాం?

శబ్దం ఎక్కువే, స్టీరింగ్ బరువే, ఒప్పుకుంటాను. కానీ కింద నిచ్చెనలా ఉండే ఉక్కు చట్రం, గట్టి యాక్సిళ్లు, నెమ్మదిగా పోతూ ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు, ఇవి బురదలో దిగినవాళ్లకే తెలుస్తాయి. ఇలాంటి మొరటు బండే టయోటా ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్, 1984లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతూనే ఉంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ తయారీ 2016లోనే ఆగిపోయినా, ఉన్నవాళ్లు దాన్ని ప్రాణంలా చూసుకుంటున్నారు. వాళ్లందరికీ బుద్ధి లేకనా?

నాది అమ్మకానికి లేదు. దయచేసి ఇంకోసారి అడగకండి.