‘పర్మనెంట్’ పన్ను అంటే మనకి ఏం అర్థమైంది?

పంటి ఇంప్లాంట్ అన్న మాట తెలియనివాళ్లు ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా తక్కువే. హోర్డింగులు, ఫేస్‌బుక్ యాడ్లు, అమెరికా నుంచి సెలవులకొచ్చి పళ్లు పెట్టించుకుని వెళ్లే చుట్టాలు కలిసి దాన్ని ఇంటింటికీ చేర్చారు. చేరింది మాట మాత్రమే. దవడలో టైటానియం స్క్రూ బిగిస్తారని, అది ఎముకతో కలిసిపోవడానికి 3 నుంచి 6 నెలలు పట్టొచ్చని, మామూలుగా ఆ తర్వాతే పైన క్యాప్ పెడతారని కుర్చీలో కూర్చున్నాక గానీ చాలామందికి తెలియదు.

నన్నడిగితే గొడవంతా ‘పర్మనెంట్’ అన్న ఒక్క మాటతోనే. కట్టుడు పళ్ల సెట్టయితే రాత్రి తీసి గ్లాసులో వేయాలి, ఇదైతే తీయక్కర్లేదు, డాక్టర్ చెప్పేది అంతే. మనకి మాత్రం ‘ఇక దాని సంగతి చూడక్కర్లేదు’ అని వినిపిస్తుంది. మా పెదనాన్నా అంతే, “ఇనప పన్నుకి పుచ్చేంట్రా” అనేవాడు. నిజమే, దానికి పుచ్చు రాదు. జబ్బు వచ్చేది చుట్టూ ఉన్న చిగురుకి, దాన్ని పట్టుకున్న ఎముకకి. సొంత పన్నులా లోపల నరం లేదు కాబట్టి చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, స్క్రూ కదిలి అనుమానం వచ్చేసరికి ఎముక కరిగిపోయి ఉంటుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకి, సిగరెట్ మాననివాళ్లకి ఈ ముప్పు మరీ ఎక్కువ.

అలాగని భయపడాల్సిందీ కాదు. స్వీడన్‌లో ఈ టైటానియం ఇంప్లాంట్లకి ఆద్యుడైన డాక్టర్ బ్రోనెమార్క్ 1965లో యోస్టా లార్సన్ అనే పేషెంట్‌కి పెట్టిన ఇంప్లాంట్లు, 2006లో ఆయన పోయేదాకా పనిచేశాయి. పై పన్ను పీకిస్తే చూపు పోతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు, వాళ్లకి ఇదెలా చెప్పాలో వేరే సంగతి.

ఇక రేటు. బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో బిగించే పన్ను) చవకని అటు మొగ్గుతాం, దానికోసం పక్కనున్న రెండు మంచి పళ్లని అరగదీస్తారని మాత్రం అడగం. డబ్బులు చూసుకుని తర్వాత పెట్టించుకుందామని ఏళ్లు గడిపేస్తే, పన్ను లేని చోట ఎముక సన్నబడిపోతుంది, అప్పుడు ఎముక కూడా వేయాలంటారు, బిల్లు పెరుగుతుంది. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు దీనికి పైసా ఇవ్వవు.

చివరికి మనం అడిగేవి రెండే: నొప్పి పుడుతుందా, ఎంతలో అవుతుంది. మూడోది కూడా అడగండి: పెట్టే ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ సైజు? డబ్బా మీది స్టిక్కర్ ఇమ్మనండి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో స్క్రూ వదులైతే, ఆ డాక్టర్ మొదట అడిగేది అదే.