ఆరేళ్ల కాంట్రాక్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆరేళ్ల కాంట్రాక్టు గారికి,

నమస్కారాలు. ఉభయ కుశలోపరి అని రాయడం ఆనవాయితీ. కానీ తమరు 2014 ఏప్రిల్ 22నే కాలం చేశారు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. 2013 జులై 1న అమల్లోకి వచ్చి 2019 దాకా బతకాల్సిన తమరు పది నెలలైనా నిండకుండానే వెళ్లిపోయారు. తమరిపై సంతకం పెట్టిన గ్లాస్గో మనిషి, ఫుట్‌బాల్ మేనేజర్ డేవిడ్ మోయెస్ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

తమ పుట్టుక ఘనంగానే జరిగింది. అప్పటి మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ ఫోన్ చేసి ఇంటికి రమ్మంటే, ఏ ఆటగాడి బేరమో అనుకుని మోయెస్ జీన్స్ ప్యాంటుతోనే వెళ్లాడు. పెద్దాయన తను రిటైర్ అవుతున్నట్టు చెప్పి, క్లబ్బు తర్వాతి మేనేజర్‌వి నువ్వేనని తేల్చేశాడు. సరేనా అని అడగలేదు. తన మొహం పాలిపోయిందని మోయెస్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ పాలిపోయిన మొహాన్నే పెద్ద బ్యానర్‌గా వేయించి, పక్కన ‘ది చోజెన్ వన్’ అని రాసి, అభిమానులు క్లబ్బు సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోని స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్ స్టాండ్‌లో కట్టారు. ఇరవై ఆరేళ్లకు పైగా ఒకే మనిషి కూర్చున్న కుర్చీ కదా, తర్వాతి మనిషికి కనీసం ఆరేళ్లు ఇవ్వకపోతే మర్యాదగా ఉండదని క్లబ్బు వాళ్లు అనుకున్నట్టున్నారు.

ఇక్కడే తమరిని ఒక మాట అడగాలి. పైన అంత పెద్ద అక్షరాలతో ఆరేళ్లు అని పెట్టుకుని, కింద ఆ చిన్న అక్షరాల సంగతేమిటి? యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌కు అర్హత రాకపోతే ఏడాది జీతం చేతిలో పెట్టి పంపించేయొచ్చన్న షరతు తమ పొట్టలోనే ఉందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అద్దె అగ్రిమెంటులో చివరి పేజీ చదవకుండా సంతకం పెట్టే మాబోటి వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఏప్రిల్ 20న ఎవర్టన్ చేతిలో 2-0తో ఓడడంతో ఆ అర్హత ఇచ్చే మొదటి నాలుగు స్థానాల ఆశ లెక్కల ప్రకారం కూడా పోయింది. 22న తమరు పోయారు. సోమవారం ఒక్కటే మధ్యలో అడ్డొచ్చింది.

ఆ ఎవర్టన్ మ్యాచ్ గుర్తుందా? పదకొండేళ్లు తను ఎవర్టన్ మేనేజర్‌గా పనిచేసిన గుడిసన్ పార్క్ మైదానంలో మోయెస్ నిలబడి ఉంటే, సరిగ్గా వెనక వరసలో ఒక ప్రేక్షకుడు నల్ల ముసుగు వేసుకుని, చేతిలో కొడవలి పట్టుకుని లేచాడు. వాళ్ల ఊరి యముడి వేషమట. మన యముడు పాశంతో వస్తాడు, వాళ్లవాడు కోత పరికరంతో వస్తాడు. వచ్చింది మోయెస్ కోసమని అందరూ నవ్వుకున్నారు. నాకైతే తమ కోసమే వచ్చాడనిపించింది.

తప్పంతా తమదే అనను. ఎవర్టన్ ఆటగాడు ఫెలైనీ పాత కాంట్రాక్టులో ఉన్న తక్కువ ధర గడువు జులై ఆఖరుతో అయిపోయేదాకా చూసి, ఆటగాళ్ల కొనుగోళ్ల గడువు ఆఖరి రోజున 2.75 కోట్ల పౌండ్లు పోసి కొన్నది యునైటెడ్ వారే. ఆ గడువు సంగతి, నిన్నటిదాకా ఫెలైనీకి మేనేజర్‌గా ఉన్న మోయెస్‌కు తెలియనిదా? పట్టికలో అట్టడుగున ఉన్న ఫుల్హామ్ మీద ఎనభైకి పైగా క్రాసులు (పక్కల నుంచి గోల్ ముందుకు పంపే బంతులు) వేయించి, చివరి క్షణాల్లో గోల్ తిని 2-2తో సరిపెట్టుకున్నదీ అతని జట్టే. బంతి గాల్లోకి లేవడం, ఫుల్హామ్ డిఫెండర్ తల ఆడించడం, మళ్లీ లేవడం. ఆ మ్యాచ్ చూసిన వాళ్లకు మెడ నొప్పి వచ్చి ఉండాలి.

తమ వంశం తీరు కూడా ఓసారి చూడండి. 2016లో తమ తమ్ముడు, నాలుగేళ్ల కాంట్రాక్టు, సండర్లాండ్ క్లబ్బులో పుట్టాడు. అతనికీ పది నెలలే ఆయువు. జట్టు ఆఖరి స్థానంతో కింది డివిజన్‌కు పడిపోయింది, మోయెస్ రాజీనామా ఇచ్చాడు. అంతకు ముందు స్పెయిన్‌లో రియల్ సోసిడాడ్ ఉద్యోగం ఏడాది నడిచింది. అక్కడ మిగిలిన జ్ఞాపకం ఒక్కటే: రిఫరీ బయటికి పంపిస్తే స్టాండ్స్‌లోకి వెళ్లి కూర్చుని, పక్కనున్న అభిమాని చిప్స్ ప్యాకెట్ చాపితే మొహమాటపడకుండా తీసుకుని తిన్నాడు. మేనేజర్లలో నాకు మోయెస్ నచ్చడానికి ఆ చిప్సే సగం కారణం.

ఇక లండన్ క్లబ్బు వెస్ట్ హామ్. 2017లో ఆరు నెలల కాగితం ఇచ్చి, జట్టును నిలబెట్టాక థాంక్స్ చెప్పి సాగనంపారు. 2019 డిసెంబర్‌లో మళ్లీ పిలిచి పద్దెనిమిది నెలల కాగితం ఇచ్చారు. తమ పక్కన నిలబెడితే ఆ కాగితం మరుగుజ్జు. కానీ దాంతో మొదలైన ఉద్యోగం దాదాపు నాలుగున్నరేళ్లు నడిచింది. 2023 జూన్ 7న ప్రాగ్‌లో యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్లో ఫియొరెంటినా మీద 90వ నిమిషంలో జారెడ్ బోవెన్ గోల్ కొట్టాడు. 1980 తర్వాత వెస్ట్ హామ్‌కు అదే మొదటి పెద్ద ట్రోఫీ. అరవై ఏళ్ల మోయెస్ తన మెడలోని పతకం తీసి 87 ఏళ్ల తండ్రి మెడలో వేశాడు. గ్లాస్గోలో డ్రమ్‌చాపెల్ అమెచ్యూర్స్ కుర్రాళ్లకు ఆట నేర్పిన మనిషి ఆ తండ్రి.

2025 జనవరిలో మోయెస్ మళ్లీ ఎవర్టన్‌కే వెళ్లాడు, ఈసారి రెండున్నరేళ్ల కాగితం మీద. దయచేసి ఆ కాగితం జోలికి పోకండి, దానికి ఆశీర్వాదం కూడా పంపకండి.

ఇట్లు,
తమ చిన్న అక్షరాలు ఆలస్యంగా చదివిన ఒక అభిమాని

తా.క.: ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తమ వారసుల పోకడ ఇంకా విచిత్రంగా ఉంది. తర్వాతి మేనేజర్లలో సోల్‌షేర్‌కు 2021 జులైలో కొత్త కాంట్రాక్టు ఇచ్చి నవంబర్‌లో తీసేశారు. టెన్ హాగ్‌కు 2024 జులైలో పొడిగించి అక్టోబర్‌లో పంపేశారు. ఈసారి అక్కడ ఎవరికైనా కాంట్రాక్టు పొడిగించారని వార్త వస్తే అభినందించాలా, పరామర్శించాలా? తమరికి అనుభవం ఉంది కాబట్టి తిరుగు టపాలో తెలియజేయగలరు.