సెక్స్ గురించి పిల్లలతో మాట్లాడనివ్వనిది సిగ్గు కాదు, పరువు

ఆడపిల్ల పెద్దమనిషైతే ఏం చేస్తాం? చాపేసి మూల కూర్చోబెడతాం, చిమ్మిలి తినిపిస్తాం, చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాం, కాస్త డబ్బుంటే ఫంక్షన్ హాలు మాట్లాడి వీధి మొదట్లో పిల్ల ఫోటోతో ఫ్లెక్సీ కూడా కట్టిస్తాం. కానీ ఆ రక్తం ఎందుకొస్తుందో, ఇకనుంచి కడుపు వచ్చే అవకాశం ఉంటుందని ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్ళు ఆ హాల్లో ఒక్కరైనా ఉంటారా? గుడికెళ్ళకు, పచ్చళ్ళు ముట్టుకోకు, మగపిల్లలతో తిరగకు, అంతటితో సరి. అందుకే మాకు సిగ్గండీ, పిల్లలతో ఇవెలా మాట్లాడతాం అంటే నేనొప్పుకోను. ఊరంతా పిలిచి చెప్పుకున్న విషయంలో సిగ్గేముంది?

అబ్బాయిల సంగతి మరీ అన్యాయం. పంచెల ఫంక్షన్ చేసి భోజనాలు పెడతారు గానీ నిద్రలో వీర్యం పోవడం మామూలే రా, జబ్బు కాదు అని చెప్పే నాన్న ఎక్కడో గానీ దొరకడు. వాడు లోపల్లోపలే భయపడి చస్తుంటాడు, బస్టాండు గోడల మీద నరాల బలహీనత, స్వప్న స్ఖలనం అని రాసిన ప్రకటనలు చదివి తనకేదో అయిపోయిందనుకుంటాడు. విజయవాడ డాక్టర్ సమరం గారు దశాబ్దాల పాటు పత్రికల్లో ఇలాంటి భయాలకే జవాబులు రాస్తూ వచ్చారు, ఇంట్లో రెండు నిమిషాల్లో తేలిపోయే భయాలు అవి. ఇప్పుడు ఆ గోడ కూడా అక్కర్లేదు, చేతిలో ఫోనుంది, అందులో చూసిన పోర్నే నిజమనుకుని పెరుగుతున్నాడు.

పైగా చట్టం ఒకటుంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు అమ్మాయి ఇష్టపడే వచ్చానన్నా ఆ ఇష్టం చెల్లదు. 2019 సవరణ తర్వాత శారీరకంగా కలిసినట్టు రుజువైతే కనీసం 10 ఏళ్ళు జైలు, అమ్మాయికి 16 నిండకపోతే కనీసం 20 ఏళ్ళు. డిగ్రీ మొదటి సంవత్సరం కుర్రాడు ఇంటర్ అమ్మాయితో వెళ్ళిపోతే వాడికేం జరుగుతుందో వాడికి ముందే తెలియాలి కదా, బండి కొనిచ్చినప్పుడు లైసెన్స్ గురించి పదిసార్లు చెప్పే తండ్రి దీని గురించి ఒక్కసారి కూడా నోరు విప్పడు.

చెప్తే పిల్లలు చెడిపోతారు, లేనిపోని ఆలోచనలు వస్తాయి అంటారు. యునెస్కో 2018లో ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలు చూసి, సెక్స్ ఎడ్యుకేషన్ వల్ల పిల్లల్లో లైంగిక కార్యకలాపాలు పెరగవని తేల్చింది. మరి చెప్పకుండా ఉంచి మనం సాధించిందేంటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు.

ఎలా మాట్లాడాలంటే, అన్నీ ఒకే రోజు కూర్చోబెట్టి పాఠం చెప్పక్కర్లేదు. నాలుగైదేళ్ళప్పుడే స్నానం చేయిస్తూ ఒంట్లో ప్రతి భాగానికీ పేరుందని, అక్కడ ఎవరైనా చెయ్యేస్తే మావయ్యైనా తాతైనా సరే నాకొచ్చి చెప్పమని చెప్పొచ్చు. పదేళ్ళకి పీరియడ్స్ గురించి, ఆడపిల్లకే కాదు తమ్ముడికీ. ఆ తర్వాత బండి మీద వెళ్తున్నప్పుడో, కూరగాయలు తరుగుతున్నప్పుడో, మొహాలు ఎదురెదురుగా లేనప్పుడైతే పిల్లలు బాగా మాట్లాడతారు. అడిగినంతవరకే చెప్పండి. అన్నిటికంటే ముందు, చెప్తే కొట్టరు అన్న నమ్మకం వాళ్ళకుండాలి.

ఆ నమ్మకమే మనం ఇవ్వట్లేదు, నా అసలు బాధ అదే. ఎందుకంటే మన భయం పిల్లల ఒంటి గురించి కాదు, పెళ్ళి గురించి, అందులోనూ కులం గురించి. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి గర్భవతైన భార్య కళ్ళముందే ఆసుపత్రి బయట నరికి చంపారు, చంపించింది ఆ అమ్మాయి తండ్రి, వాళ్ళిద్దరిదీ స్కూలు రోజుల నుంచి పరిచయం. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అంతదాకా వెళ్ళని ఇళ్ళల్లో కూడా చదువు మాన్పించడం, ఫోన్ లాక్కోవడం, హడావిడిగా సంబంధం చూసేయడం మనకి తెలియనివా? ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్ల, ఎవడో ఫోటోలు పెట్టి బెదిరిస్తుంటే ఇంట్లో చెప్పుకోగలదా? చెప్తే కాలేజీ మాన్పిస్తారని దానికి తెలుసు, ఆ బెదిరించేవాడికి ఇంకా బాగా తెలుసు, వాడి ధైర్యమంతా అదే.

ఒకవేళ మీ అమ్మాయి ధైర్యం చేసి ఫలానా అబ్బాయంటే ఇష్టం అమ్మా అందనుకోండి, మన నోట్లోంచి ముందు వచ్చేది "వాళ్ళేమిట్లు? మనోళ్ళేనా?" అనే. దాంతో ఇక ఆ పిల్ల మళ్ళీ ఏదీ చెప్పదు. వాడు నీతో మర్యాదగా ఉంటాడా, నువ్వు వద్దంటే ఆగుతాడా, ఫోటోలేమైనా అడిగాడా, వేరే ఫ్రెండ్స్‌తో మాట్లాడితే గొడవ పెట్టుకుంటాడా అని అడగండి. అబ్బాయొచ్చి చెప్తే వాణ్ణీ అడగండి, ఆ అమ్మాయి వద్దంటే నువ్వు ఆగుతున్నావా నాన్నా అని.