సెల్లోటేపు సాక్షిగా, నులిపురుగు గారికి

అమ్మా నులిపురుగు గారూ,

పాత పద్ధతిలో ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అని మొదలుపెడదామనుకున్నాను. తీరా చదివితే మీ ఆయన మిమ్మల్ని కలిసిన కొన్నాళ్లకే పోతాడట. కాబట్టి మీరు గంగాభాగీరథీ సమానురాలు. ఆ దుఃఖం మీలో ఎక్కడా కనబడకపోవడం వేరే సంగతి.

మన పరిచయం ఇలా జరిగింది. ఒకటో తరగతి చదివే మా చిన్నది వారం రోజులుగా పడుకున్న గంటకే లేచి ఏడుపు. ఎక్కడ అని అడిగితే చెప్పదు, దిండులో మొహం దాచుకుంటుంది. మా అత్తగారు ‘పళ్లు కొరుకుతోంది, పురుగులే. బెల్లం డబ్బా పైన పెట్టు’ అన్నారు. మా ఆయన పక్కింటి కుక్కని అనుమానించారు. మలపరీక్ష చేయిస్తే ‘ఏమీ లేవు’ అని కాగితం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ముగ్గురం రెండు రోజులు నిశ్చింతగా ఉన్నాం.

మీరు లోపల గుడ్లు పెట్టే రకం కాదని మాకేం తెలుసు? ఇల్లంతా నిద్రపోయాక బయటికొచ్చి, మలద్వారం చుట్టూ చర్మం మీద 10 వేలకు పైగా గుడ్లు అతికించి పోతారట. అందుకే మలపరీక్షకి దాదాపుగా దొరకరు. మూడో రాత్రి టార్చి వేసి చూశాను. తెల్లగా, సెంటీమీటరు పొడవున ఒక దారప్పోగు. గౌను కుట్టు ఊడిందేమో అనుకున్నా. కదిలింది.

మర్నాడు డాక్టరు గారు రాసిన పరికరం ఏమిటో తెలుసా? సెల్లోటేపు! పొద్దున్నే, పిల్లకి స్నానం చేయించకముందే, అక్కడ అంటించి, ఊడదీసి, గాజు పలక మీద అతికించి తెమ్మన్నారు. 1941లో గ్రాహం అనే ఆయన చెప్పిన పద్ధతి. ఇన్నేళ్లయినా దాన్ని మించింది రాలేదు. మైక్రోస్కోపులో నన్నూ చూడనిచ్చారు. ఒక వైపు చదునుగా, ఒక వైపు ఉబ్బుగా, వరసగా కజ్జికాయలు. అప్పటినుంచి ఇంట్లో ఆ పిండివంట పేరు ఎత్తడంలేదు.

ఇక కుక్కకి క్షమాపణ చెప్పుకోవాలి. మీరు కుక్కల్లో, పిల్లుల్లో ఉండరట. మీరు మనుషులకే అంకితం. గుర్రానికి వేరే మీ చుట్టం ఉంది, దాని దురదకి గుర్రం తోకని గోడకేసి రుద్దుకుంటుంది. కుందేలుకి ఇంకొకరు. ఎవరి ఇల్లు వారిది, ఒకరి వాటాలోకి ఒకరు పోరు. మా అన్నదమ్ములు మీ దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

ప్రయోగశాల ఎలుకల్లో ఉండే మీ పినతల్లి పిల్లలు మాత్రం సామాన్యులు కారు. ఎలుక పైకి హాయిగానే కనిపిస్తుంది, కానీ లోపల వీళ్లుంటే దాని రోగనిరోధక శక్తి తీరు మారిపోయి, ఎలర్జీ మీద చేసిన ప్రయోగం ఎటో పోతుంది. అందుకని పీహెచ్‌డీలు చేసినవాళ్లు ఎలుక తోక పైకెత్తి టేపు అంటిస్తారు. అవును, అదే సెల్లోటేపు! అందులోనూ సైఫేసియా రకం మీలాగే బయట గుడ్లు పెట్టి దొరికిపోతుంది. ఆస్పిక్యులూరిస్ మాత్రం లోపలే పెట్టి టేపుని వెక్కిరిస్తుంది. ఒక్క బోనులో కనబడితే ఎలుకలన్నిటి మేతలో మందు, బోన్లన్నిటికీ వేడినీళ్లు. నాకిది చదువుతుంటే మా దుప్పట్లు గుర్తొచ్చాయి.

మీ వంశవృక్షం కూడా చూశాను. అమెరికాలో యూటా రాష్ట్రంలోని డేంజర్ గుహలో, సుమారు 10 వేల ఏళ్ల నాటి మనిషి ఎండిన మలంలో మీ గుడ్డు దొరికింది. బ్రెజిల్‌లో ఇంకా వెనక్కి, 24 కోట్ల ఏళ్ల కిందటి ఒక జంతువు శిలామలంలో మీ పూర్వీకుల గుడ్డు ఉందని 2014లో ప్రకటించారు. అంత పాతదాన్ని సైన్సు పట్టుకుంది. మేం మా ఇంట్లో వారం రోజుల దాన్ని పట్టుకోలేకపోయాం, ఎందుకంటే పిల్లకి సిగ్గు, మాకు అంతకన్నా సిగ్గు. బడి వాట్సాప్ గ్రూపులో పేలమందు గురించి నలభై మెసేజీలు వచ్చాయి, మీ గురించి ఒక్కటీ లేదు.

ఇంకో తమాషా. 2015 నుంచి మన దేశంలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. తెలుగులో దానికి మీ పేరే పెట్టారు, జాతీయ నులిపురుగుల నివారణ దినం అని. అసలు గురి మట్టి ద్వారా వచ్చే ఏలికపాముల మీద, కొంకిపురుగుల మీద, కొరడాపురుగుల మీద. మీకు మట్టితో పనిలేదు, దురదకి గోక్కుని నోట్లో పెట్టుకునే మా గోళ్లు చాలు. అంటే నేరం వాళ్లది, బ్యానరు మీద పేరు మీది. ఆ మాత్ర మీకూ తగులుతుంది లెండి. కానీ పురుగు చస్తుంది, గుడ్డు చావదు. రెండు వారాలకి మళ్లీ వెయ్యాలి.

అందుకే డాక్టరు ఇంటిల్లిపాదికీ రాశారు, రెండుసార్లు. మా ఆయన కాఫీలో కలపమన్నారు. అత్తగారు ‘డెబ్బై ఏళ్లొచ్చాయి, నాకెక్కడి పురుగులు’ అని మాత్రని దేవుడి అర మీద పెట్టి, మూడు రోజులు దానికి కూడా అగరొత్తి తిప్పారు. చిన్నదాని గోళ్లు కత్తిరించాను, దుప్పట్లు వేడినీళ్లలో ఉడికించాను, రెండో మాత్ర తేదీని క్యాలెండర్‌లో ఏకాదశి పక్కన గుండ్రం చుట్టాను.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా వచ్చేసరికి రాత్రి పదకొండయింది. అత్తగారు మంచినీళ్ల చెంబుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అటు చూసి, ఇటు చూసి, గొంతు తగ్గించి అడిగారు: ‘ఆ మాత్ర మింగాలా, నమలాలా?’