టైమింగ్ బెల్ట్ ఒక్కటి మారిస్తే చాలదు

పాత స్పోర్ట్స్ కార్లను, పాత హోండా సిటీ వీటెక్‌లను ప్రేమగా కాపాడుకుంటున్న వాళ్ల మధ్య ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. ఒడిశాలోని జయపురం, కోరాపుట్, రాయగడల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఫోన్లకు వచ్చింది. ఇంజిన్‌లో పిస్టన్లతో తిరిగే క్రాంక్ ఇరుసునీ, వాల్వులను తెరిచే క్యామ్ ఇరుసునీ కలిపి తిప్పే టైమింగ్ బెల్ట్ గురించి. అందులో చెప్పింది ఇదీ: బెల్ట్ మీద పగుళ్లు లేకపోతే మార్చక్కర్లేదు, తక్కువ తిరిగిన బండికి అసలే అక్కర్లేదు. మార్చినా బెల్ట్ ఒక్కటే చాలు, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచే చక్రం), వాటర్ పంప్ అని మెకానిక్ అంటే డబ్బు లాగడానికే. ఒకవేళ తెగినా ఇంజిన్‌కి ఏమీ కాదు. ఇంట్లోనే గంటలో కొత్తది వేసుకోవచ్చు.

తెగినా ఏమీ కాదన్న మాటతో మొదలుపెడతాను, ఎక్కువ నష్టం చేసేది అదే. కొన్ని ఇంజిన్ల విషయంలో అది నిజమే. మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం 1.6 ఇంజిన్‌లో బెల్ట్ తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు. మన దగ్గర తిరిగే 1.5 లీటర్ల వీటెక్ అలాంటిది కాదు. పోర్షే 944 కూడా కాదు. బెల్ట్ తెగగానే క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని ఉండిపోయిన వాల్వులను పిస్టన్లు కిందనుంచి కొడతాయి. 944కి ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌ల కోసం రెండో బెల్ట్ కూడా ఉంటుంది. అది తెగి టైమింగ్ బెల్ట్‌లో చిక్కుకున్నా ఇదే గతి.

ఇక టెన్షనర్ సంగతి. నాది 2002 వీటెక్. బెల్ట్ మార్చినప్పుడు "బాబూ, టెన్షనర్ కూడా మార్చేద్దామా?" అని మేస్త్రి అడిగాడు. బాగానే ఉంది కదా అని నేనే వద్దన్నాను. ఏడాది తిరక్కుండానే, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే బానెట్ లోపల కీచుమని ఒక శబ్దం వచ్చింది, ఆ వెంటనే ఇంజిన్ ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే బరువే లేనట్టు గిర్రున తిరిగింది. కంప్రెషన్ (సిలిండర్లలో గాలి నొక్కుడు) పోయిందని అప్పుడే అర్థమైంది. జయపురం లాక్కెళ్లి విప్పితే, బెల్ట్ మీద ఒక్క పగులూ లేదు. క్రాంక్ పుల్లీ దగ్గర మాత్రం పళ్లు ఒలిచేసినట్టు ఊడిపోయాయి. టెన్షనర్ చక్రాన్ని వేళ్లతో తిప్పబోతే కదల్లేదు. బేరింగ్‌లో గ్రీజు ఎండి నల్లటి పొడిలా రాలింది. హెడ్డు దించాక పిస్టన్ల మీద చంద్రవంకల్లా గాట్లు, పక్కన వంగిపోయిన ఆరు వాల్వులు.

కొత్త బెల్ట్ ఆనేది ఆ పాత చక్రం మీదే. వాటర్ పంప్‌ను తిప్పేదీ అదే బెల్ట్. పంప్ బేరింగ్ లూజైతే బెల్ట్ పక్కకి జరుగుతుంది, బిగుసుకుపోతే పళ్లు పోతాయి. క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు కారితే నూనె పడి రబ్బరు ఉబ్బుతుంది. వీటన్నిటినీ చేరాలంటే ఇంజిన్ మౌంటు, కవర్లు, క్రాంక్ పుల్లీ ఎలాగూ ఊడదీయాలి. పాత హోండాల్లో ఆ పుల్లీ బోల్టు ఎంత మొండిదో విప్పినవాళ్లకి తెలుసు. ఆ కూలీ రెండుసార్లు ఇవ్వడం కంటే సామాన్లన్నీ ఒకేసారి వేయించుకోవడమే చవక. మెకానిక్ ఇవన్నీ అడిగితే దోపిడీ అనుకోకండి. కావాలంటే పాత సామాను చేతికివ్వమని అడగండి, తప్పులేదు.

పగుళ్ల మాటకొస్తే, బెల్ట్‌కి బలమిచ్చేది లోపలున్న గాజు నారల తాళ్లు. అవి తెగడం మొదలైనా పైకి కనిపించదు. కొత్త బెల్ట్‌ని మడిచి జేబులో పెట్టుకున్నా అవి దెబ్బతింటాయి. తక్కువ తిరిగిన బండి అంటారా, రబ్బరుకి వయసుంటుంది. నెలల తరబడి షెడ్డులో నిలబడితే ఒకే చోట వంగి గట్టిపడుతుంది. కంపెనీలు కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా చెప్పేది అందుకే.

ఇంట్లో గంటలో అయిపోతుందన్నది వినడానికి బాగుంటుంది. చాలా ఇంజిన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతాయి. ఈ వీటెక్ ఇంజిన్ దానికి ఎదురు తిరుగుతుంది. బెల్ట్ బిగువు సెట్ చేసేటప్పుడు కూడా క్రాంక్‌ని అటే తిప్పాలి. క్రాంక్ పుల్లీ మీద తెల్ల గీత, ఎర్ర గీతలు ఉంటాయి. బెల్ట్ వేసేటప్పుడు గుర్తుకి కలపాల్సింది తెల్లది. ఎర్రవి ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులు నిప్పురవ్వ వేసే సమయం) కోసం. ఎర్ర గీతకి కలిపి బెల్ట్ ఎక్కించేవాళ్లున్నారు. అందుకే బిగించాక వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, సాకెట్ పెట్టి చేత్తో క్రాంక్‌ని కనీసం రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేసి, బెల్ట్ తీసి మళ్లీ మొదటి నుంచి కలపండి.